మీ ఇంటి తోడు

మా ఆడపడుచు కూతురు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నాకు ఈమెయిల్ నేర్పుతానని పక్కన కూర్చుంది. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. అందుకేనేమో ఎవరు ఏది నేర్పుతానన్నా అది దేవుడు పంపిన మేలనుకుని చెంగు సర్దుకుని వింటాను.

“అత్తయ్యా, ఇందులో పంపడానికి ఒక పద్ధతి, అందుకోవడానికి వేరే పద్ధతి ఉంటాయి,” అంది. పంపేదాని పేరు ఎస్‌ఎమ్‌టీపీ అట. అందుకునేవి రెండున్నాయట. మొదటిది పాప్. పోస్టాఫీసుకు వెళ్ళి మన ఉత్తరం మనం తెచ్చేసుకున్నట్టు. తెచ్చుకున్నాక మామూలుగా అక్కడ ఏమీ మిగలదు, కాగితం మన చేతిలో ఉంటుంది. రెండోది ఐమ్యాప్. ఉత్తరం అక్కడే ఉంటుంది, మనం వెళ్ళి చూసి వస్తాం. తాళంచెవి ఉన్నవాళ్ళు ఎందరైనా చూడవచ్చు.

“మరి పంపేటప్పుడు ఏం జరుగుతుందే?”

“రెండు కంప్యూటర్లు ముందు పలకరించుకుంటాయి. ఇది హలో అంటే అది హలో అంటుంది. ఫలానావాళ్ళు పంపారు అంటే సరే అంటుంది. ఫలానావాళ్ళకి అంటే సరే అంటుంది. అప్పుడు అసలు సంగతి పంపిస్తుంది. అంతా అందాక అది చివర్న ఇంకోసారి సరే అంటుంది. అంతే, చేరినట్టు.”

“చేరినట్టు సరే. అర్థమైనట్టు ఎవరు చెబుతారు?”

ఆ పిల్ల నవ్వింది. “అది ప్రొటోకాల్ పని కాదత్తయ్యా, మనుషుల పని.”

నేను నవ్వలేకపోయాను. డెబ్బైల్లో, ఈ భవానీపురంలోనే, ఆ పిల్ల తాతగారి ఇంట్లో కూడా ఉత్తరం పంపడానికి ఒక పద్ధతి, అందుకోవడానికి ఒక పద్ధతి ఉండేవి. ఎవరూ వాటిని దాటేవారు కాదు. ఒక్క ఉత్తరమూ దారి తప్పలేదు, ఒక్కటీ ఆలస్యం కాలేదు. అన్నీ సరిగ్గా చేరాయి. మా అమ్మ కన్ను పోయింది.

* * *

మా అమ్మ బైబిలు స్త్రీ. అంటే సంఘం ఇచ్చే కొద్దిపాటి జీతం మీద కాలవ గట్టు ఊళ్ళన్నీ కాలినడకన తిరుగుతూ ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, చదువు రానివాళ్ళకు అక్షరాలు దిద్దించడం. దివిసీమ వైపు ఊరు మాది. నాన్న నా పసితనంలోనే పోయాడు. నన్ను ఒంటరిగా ఇంట్లో వదల్లేక తనతోపాటే తిప్పేది. ఇక బడికి ఎప్పుడు పంపాలి? ఏ ఊళ్ళో ఏ అరుగు మీద ఎవరికి ‘అ’ దిద్దించినా పక్కన నేనూ దిద్దేదాన్ని. అలా ఊరికో అక్షరం చొప్పున నాకు చదువు వచ్చింది. అంతకన్నా మంచి బడి ఎవరికి దొరుకుతుంది అని ఇప్పటికీ అనుకుంటాను.

ఉత్తరం రాయడం కూడా అమ్మే నేర్పింది. ముందు దేవునికి స్తోత్రం. తరువాత అవతలివాళ్ళ క్షేమం. తరువాత పెద్దల్లో ఒక్కొక్కరినీ వరస పెట్టి పలకరింపు. మన అవసరం ఏదైనా ఉంటే అది ఆఖర్న, అదీ మెత్తగా.

“ఎదురుగా వెళ్ళి నిలబడి ముందే చెయ్యి చాపుతామా? కాసేపు కూర్చుంటాం, మంచినీళ్ళు తాగుతాం, బాగున్నారా అంటాం. తరువాతే కదా వచ్చిన పని. ఉత్తరమూ అంతే,” అనేది.

అమ్మకు ఎడమ కన్ను అప్పటికే లేదు. నా చిన్నప్పుడు, ఊడ్పుల రోజుల్లో చేనుగట్టున పోతుంటే వరి ఆకు కొస గీసుకుంది. ఎవరో చెప్పారని ఆకు పసరు పోయించుకుంది. కన్ను తెల్లబడి ఊరుకుంది. మిగిలిన కుడి కంటితోనే నాకు చదువు చెప్పింది, నా పెళ్ళి చేసింది, నేను బెజవాడ వచ్చాక నాకు ఉత్తరాలు రాసింది.

నాకు రాసింది అన్నాను గానీ, నా పేరుతో రాయలేదు.

* * *

మా మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కోపం తెలియని మనిషి. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నన్ను ఒక్క మాట అనలేదు. పంపు దగ్గర నీళ్ళు పట్టడం నాకు కష్టంగా ఉందని పెరట్లో కుళాయి వేయించారు. వాటన్నిటికీ దేవునికి వందనాలు చెప్పుకున్నాను, ఇప్పుడూ చెప్పుకుంటాను. చెప్పుకుంటూనే ఈ సంగతి రాస్తున్నాను.

ఆ ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ ఆయన పేరుతోనే రావాలి. కోడళ్ళ పేరు రాసి, కింద కేరాఫ్ అని ఆయన పేరు వేయడం ఆయనకు గిట్టేది కాదు. “ఇంటికి ఒక పెద్ద ఉన్నాడు గదా, ఆయనకి రాస్తే అందరికీ రాసినట్టే,” అనేవారు. పోస్టుమాను ఇచ్చిన ఉత్తరం ఆయన చేతిలో పడగానే విప్పేవారు కాదు. తన బైబిల్లో పెట్టేవారు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పాట, కీర్తన అయ్యాక, కళ్ళజోడు తుడుచుకుని, బ్లేడుతో అంచు కోసి, అందరూ వింటుండగా పైకి చదివేవారు. గంభీరమైన గొంతు. ఎవరి ఉత్తరమైనా ఆయన గొంతులో ఒకేలా ఉండేది. అందులో సంతోషం ఉంటే స్తోత్రం, కష్టం ఉంటే ప్రార్థన. అందరం ఆమెన్ అనేవాళ్ళం. ఉత్తరం మళ్ళీ బైబిల్లోకి వెళ్ళేది. జవాబు రాసేదాకా అక్కడే. ఆ తరువాత వంటింటి గుమ్మం పక్కన తీగకు గుచ్చేవారు. కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు.

జవాబు కూడా ఆయనే రాసేవారు. కార్డు అడుగున మూడు నాలుగు వరసలు వదిలి “నీ మాట కూడా రాయమ్మా,” అనేవారు. చోటు మిగిలితే.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. పొద్దున పోతే దీపాలవేళకు వచ్చేవాడు. తండ్రి ఎదుట పెద్దగా మాట్లాడేవాడు కాదు.

* * *

ఆ ఉత్తరం చలి తగ్గే రోజుల్లో వచ్చింది. ప్రార్థనలో మామగారు చదివారు. స్తోత్రం అయింది, క్షేమం అయింది, అత్తగారికీ ఆడపడుచుకీ పేరుపేరునా వందనాలు అయ్యాయి. అప్పుడు వచ్చింది సంగతి:

“నా కుడి కంటి శుక్లము బాగుగా ముదిరినదని చెప్పినారు. వచ్చే నెల మొదటి వారములో టౌను హైస్కూలులో కంటి శిబిరము పెట్టుచున్నారు. ఆపరేషను చేయించుకొనుటకు తీర్మానించుకొన్నాను. ఆ వారమంతయు మీ ఇంటి తోడు కోరుచున్నాను. ఆపైన దేవుని చిత్తము, తమ చిత్తము.”

మామగారు తల ఎత్తి చూశారు. “విన్నారుగా. చెల్లెమ్మకు కంటి ఆపరేషనట. మన ఇంటి ప్రార్థన తోడు అడిగారు. ఆ వారమంతా ప్రత్యేకంగా పెట్టుకుందాం.”

అందరం ఆమెన్ అన్నాం.

మా సంఘాల్లో ఆ మాట అలాగే వాడతాం. ఎవరికి కష్టం వచ్చినా ‘మీ ప్రార్థన తోడు కోరుచున్నాం’ అని రాస్తారు, ‘మా తోడు మీకుండును’ అని జవాబిస్తారు. ఎవరూ బస్సెక్కరు. బస్సెక్కమని దాని అర్థం కాదు.

అయినా నా మనసు ఆగలేదు. భోజనాల దగ్గర మజ్జిగ పోస్తూ అడిగాను. “మామయ్యగారూ, నేను ఒకసారి వెళ్ళి రానాండీ?”

“రమ్మని రాయలేదు గదమ్మా. రమ్మనాలనుకుంటే రాయరా? చదువుకున్న మనిషి ఆవిడ.”

అత్తగారు అందుకుంది. “మీ అమ్మకేం, ఊరూరా శిష్యురాళ్ళే. మంచం చుట్టూ నిలబడతారు. ఇక్కడ ఆ వారమే సంఘం సభలు. బోధకులకి మూడు పూటలా మనింట్లోనే భోజనాలు. నా మోకాళ్ళు చూస్తున్నావుగా.”

“అవునండి,” అన్నాను.

సభల వంట నేనే చేయాలి కాబట్టి ఆయన ఆ అర్థం తీసుకున్నారా, ఆ అర్థమే తోచింది కాబట్టి సభల వంటకు నేను మిగిలానా? ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. ఆయన మోసం చేశారని అనను. అబద్ధం ఆయన నోట రాదు. మోసం అయితే ఒకనాటికి క్షమించేసేదాన్నేమో.

మర్నాడు ఆయన జవాబు రాసి, అలవాటు ప్రకారం అందరికీ పైకి చదివి వినిపించారు. సభల సంగతులు, వచ్చే బోధకుల సంగతులు రాశాక ఆఖర్న, “తాము ధైర్యముగా నుండవలెను. ఆ వారమంతయు మా ఇంటి తోడు మీకు తప్పక యుండును,” అని ముగించారు. కార్డు నిండిపోయింది. నా మాటకు చోటు మిగల్లేదు.

“ఏం ఫర్వాలేదులే, నీ వందనాలు కూడా కలిపే రాశాను,” అన్నారు.

* * *

ఆ వారం నేను చేసినంత ప్రార్థన నా జన్మలో చేయలేదు. పొద్దున పొయ్యి రాజేయకముందే మోకాళ్ళూనేదాన్ని. ఇరవైమందికి అన్నం వార్చి, పప్పు దించి, చేపల పులుసు మరుగుతుండగా అక్కడే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. ఇవ్వాళ ఆపరేషన్ చేసి ఉంటారు, ఇవ్వాళ కట్టు మార్చి ఉంటారు అని నాలో నేను లెక్క వేసుకునేదాన్ని. అమ్మ తల కదపకుండా పడుకుని ఉన్నట్టు, ఎవరో చెంచాతో జావ పోస్తున్నట్టు కళ్ళకు కట్టేది. ఆ పోసే చెయ్యి ఎవరిదైనా సరే దాన్ని దీవించమని అడిగాను.

సభల్లో పెద్ద బోధకుడు కూడా అమ్మ కోసం ప్రార్థించాడు. పందిరి కింద అన్ని వందలమంది ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంతమంది తోడు మా అమ్మకు దొరికిందే అని కృతజ్ఞతతో ఏడ్చాను.

* * *

సభలు అయిపోయి పందిళ్ళు విప్పాక, ఒకనాటి మధ్యాహ్నం మా ఊరి చేపలావిడ గుమ్మంలో గంప దించింది. ఆవిడ కూతురిని భవానీపురంలోనే ఇచ్చారు. చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యలు తెచ్చి నాలుగిళ్ళల్లో అమ్ముకుని పోతుంది. అమ్మ దగ్గర పాటలు నేర్చుకున్న మనిషే. మంచినీళ్ళు ఇస్తే చెంబు అందుకుంది గానీ తాగలేదు. నన్నే చూస్తోంది.

“బెజవాడ నీళ్ళు బాగా ఒంటబట్టినయ్యమ్మాయ్ నీకు.”

“ఏంటి పిన్నీ, అలా అంటున్నావు?”

“ఏమనాల మరి? వారం పాటు ఆయమ్మను బడి వరండాలో కూకోబెట్టావు.”

నాకు అర్థం కాలేదు. “వరండాలో ఏంటి? ఆపరేషన్ అవలేదా?”

“ఎట్టా అవుద్ది? తోడు లేకుండా మంచం ఇవ్వరు గదా. రెండు కళ్ళకీ కట్టు కట్టి కదలకుండా పడుకోబెడతారు, పక్కన ఒక మనిషి ఉండాల. ఉంటేనే పేరు రాసుకుంటారు. మన ఏపున అందరికీ తెలిసిందే. మా అమ్మాయి వస్తంది, వస్తంది అని ఆయమ్మ అక్కడే కూకుంది. బస్సు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తేది. చూపు లేదు, మనిషి దగ్గరకొస్తే గాని పోల్చుకోలేదు, అయినా ఎత్తేది.”

నేను గుమ్మంలో ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

“నేనన్నానమ్మా, ‘అక్కా, గంప పక్కన పడేసి నేనుంటా, పేరు రాయించుకో’ అని. మినుము పీకుళ్ళు, మిగతా ఆడోళ్ళెవరూ చేలొదిలి రాలేదు. నేనుంటానన్నా. వద్దంది. ‘మా అన్నయ్యగారు తప్పక అని రాశారు, అమ్మాయి బయలుదేరే ఉంటది. తీరా వచ్చేసరికి నువ్వు పక్కనుంటే దానికి చిన్నతనంగా ఉంటది’ అంది. ఆ కార్డు బొడ్లో దోపుకుని తిరిగింది. అక్కడ నర్సమ్మకి గూడా చదివించింది. ఆఖరి రోజున డాక్టర్లు సామాను సర్దుకుంటుంటే గూడా, ‘ఇంకో బస్సు చూద్దాం’ అంది.”

తరువాత ఆవిడ నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టి, “నీ మొగం చూస్తే నీకు తెలిసినట్టు లేదే,” అంది మెల్లగా. రొయ్యలు కొలిచి పోసింది.

* * *

ఆ సాయంత్రం కీర్తన అయిపోయాక నేను అడిగాను. ప్రార్థనలో నేను నోరు విప్పడం అదే మొదలు. చేపలావిడ చెప్పింది చెప్పాను. అత్తగారు “అయ్యో రామ,” అని, సర్దుకుని, “అయ్యో ప్రభువా,” అంది.

మామగారు బైబిల్లోంచి ఉత్తరం తీశారు. సభల హడావుడిలో తీగకు గుచ్చడం మరిచిపోయినట్టున్నారు. “చూడమ్మా. రమ్మని ఎక్కడైనా ఉందేమో నువ్వే చూడు,” అని నా చేతికిచ్చారు.

మొదటిసారి అప్పుడు చూశాను దాన్ని.

అక్షరాలు గుమ్మడిగింజలంత ఉన్నాయి. ఒక వరస మీదికి మరో వరస ఎక్కింది. ‘క్షేమము’ అన్న మాట మీదనే వదినగారికి వందనాలు పడ్డాయి. ఒకచోట సిరా అయిపోయినట్టుంది, ఆవిడకు తెలియక వట్టి పాళీతో గీసుకుంటూ పోయింది. ఆ గీతల్ని వెలుతురుకు పట్టి చదవాలి. నాకు ‘అ’ దిద్దించిన చెయ్యి. ఇది నేను కంటితో చూసి ఉంటే అందులో ఏ మాట ఉందో, ఏ మాట లేదో చూసేదాన్ని కాదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేదాన్ని. కానీ నా దగ్గరికి వచ్చింది మామగారి గొంతు. ఆ గొంతులో వరసలు తిన్నగా ఉన్నాయి, సిరా ఎక్కడా తరగలేదు.

మొన్న ఆడపడుచు కూతురు అడిగింది, “నీకు ఏ పద్ధతి పెట్టమంటావత్తయ్యా, అక్కడ ఉంచి చూసుకునేదా, తెచ్చేసుకునేదా” అని. “నా చేతికొచ్చేది పెట్టు,” అన్నాను. పాతది, ఇప్పుడెవరూ వాడరు అంది. అదే పెట్టమన్నాను.

ఆ సాయంత్రం ఉత్తరం పట్టుకుని మామగారిని అడిగాను. “రమ్మని లేదండి. మీ ఇంటి తోడు అని ఉంది. మామయ్యగారూ, మీరు డ్యూటీ కథలు చెప్పేటప్పుడు అనేవారు గుర్తుందాండీ, ఈ స్టేషను మాస్టరు చెప్పింది ఆ స్టేషను మాస్టరు తిరిగి చెప్పాలి, చెప్పాకే బండి కదలాలి, లేకపోతే బండికి బండి గుద్దుకుంటుందని?”

“అవునమ్మా.”

“మరి మా అమ్మ చెప్పింది ఎవరు తిరిగి చెప్పారండి?”

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. “ఆమె అడిగిన మాటే నేను తిరిగి రాశానమ్మా,” అన్నారు. నిజమే. ఇంటి తోడు అంది, ఇంటి తోడు అని రాశారు. మాటకు మాట సరిపోయింది.

మూలన గోడకు ఆనుకున్న మా ఆయన గొంతు వినిపించింది. “రేపు నేను పనికి పోవడం లేదు. పొద్దున బస్సుకి వెళ్దాం.” తండ్రి ఎదుట ఆయన అంత మాట అనడం అప్పుడే చూశాను. ఆ ఒక్క మాటకు కూడా నేను ఋణపడి ఉన్నాను.

* * *

అమ్మ నులక మంచం మీద తడిగుడ్డ కంటికి అద్దుకుంటూ కూర్చుని ఉంది. కన్ను నిప్పులా ఉంది. గుమ్మంలో నా అడుగు చప్పుడు పోల్చుకుంది.

“వచ్చావా అమ్మా. ఇన్నాళ్ళూ బస్సు దొరకలేదా?”

వెటకారం కాదు. అమ్మకు వెటకారం రాదు. నిజంగానే అడిగింది. నేను బయలుదేరే ఉన్నానని, దారిలో ఏదో అడ్డం వచ్చిందని ఆవిడ నమ్ముతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాక తడిగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తరువాత అంది:

“మీ ఇంటి తోడు అంటే నువ్వే కదే. పెళ్ళి చేసి ఇచ్చాక నా కూతుర్ని పంపండి అని ఎలా రాస్తాను? నువ్వు వాళ్ళ ఇంటి మనిషివి. అందుకే మీ ఇంటి తోడు అన్నాను.”

“శిబిరంలో తోడు లేకపోతే చేర్చుకోరని అయినా రాయాల్సిందమ్మా.”

“అంత విడమరచి రాస్తే పెద్దాయనకి తెలియదన్నట్టు ఉండదూ?”

బెజవాడలో పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. డాక్టరమ్మ దీపం వేసి చూసి, నన్ను బయటికి పిలిచింది. శుక్లం మరీ ముదిరిపోయి లోపల పగిలిందట. కన్ను లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. నొప్పికి మందిస్తాం, చూపు మాత్రం రాదు అంది. “కాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా. మంచి కన్నే ఇది,” అంది.

మంచి కన్నే. నాకు తెలుసు.

* * *

“చెల్లెమ్మను మనింటికే తీసుకొచ్చేయండి,” అని మామగారే అన్నారు. తన మంచం ఆవిడకిచ్చి తాను చాప మీద పడుకున్నారు. ఆయన చేసిన మేలును నేను తక్కువ చేయను. ఇచ్చినదానికి వందనం చెప్పాలి. పోయినదాన్ని ఎవరినీ అడగలేను. ఆ రెండూ ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి.

సాయంత్రం ప్రార్థనలు ఎప్పటిలాగే జరిగేవి. అమ్మ చాప మీద నా పక్కనే కూర్చునేది. పాటలన్నీ నోటికి వచ్చు, పుస్తకం అక్కర్లేదు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది. నేను పెదవులు కదిపేదాన్ని. మాకు ఉత్తరాలు లేవు. నాకు రాసే ఒక్క మనిషీ ఇప్పుడు నా పక్కనే, రాయలేకుండా కూర్చుని ఉంది. ఆవిడ కాలవ గట్టు ఊళ్ళ నుంచి ఒకరిద్దరు శిష్యురాళ్ళు కార్డులు రాశారు. అవీ మామగారి పేరుతోనే వచ్చాయి, బైబిల్లో కూర్చుని, సాయంత్రానికి గంభీరమైన గొంతుతో బయటికి వచ్చాయి.

మరుసటేడు ఒక సాయంత్రం మంగళగిరి నుంచి మామగారి చెల్లెలి ఉత్తరం వచ్చింది. ఆయన ఎప్పటిలా పాట అయ్యేదాకా ఆగి, అంచు కోసి చదివారు. స్తోత్రం అయింది. క్షేమం అయింది. అందరికీ వందనాలు అయ్యాయి. కూతురిని కాన్పుకు ఆసుపత్రిలో చేర్చారట. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారట. ఆఖర్న, “మీ అందరి తోడు కోరుచున్నాము,” అని ఉంది.

మామగారు ఉత్తరం మడిచారు. “తలలు వంచుదాం,” అన్నారు.

“అన్నయ్యగారూ,” అంది అమ్మ.

ఆవిడ ఎప్పుడూ ప్రార్థన మధ్యలో మాట్లాడలేదు. అందరం చూశాం.

“వాళ్ళు మనిషిని రమ్మంటున్నారేమోనండి. ఒక్కసారి మళ్ళీ చదువుతారా?”

ఆయన మడత విప్పారు. లోలోపలే చదువుకున్నారు. పెదవులు కదలడం కనిపించింది. సొంత చెల్లెలి దస్తూరీ మీద వేలు పెట్టి చూశారు. అక్షరాలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు, ఆయన వేలు మాత్రం ఒకచోట ఆగిపోయింది.

“ప్రార్థన అయ్యాక చూద్దాం చెల్లెమ్మా,” అన్నారు. గొంతు ఎప్పటిలా లేదు.

“ప్రార్థన అయ్యేటప్పటికి బస్సు పోద్దండి,” అంది అమ్మ.

అత్తగారు తన మోకాళ్ళ వైపు చూసుకుంది. నేను లేచాను. అమ్మ గోడ తడుముకుంటూ వెళ్ళి, మేకుకు తగిలించి ఉన్న నా సంచి తీసి పట్టుకుంది. నేను ఎక్కడున్నానో తెలియక దాన్ని గదిలోకి చాపి నిలబడింది.